ఉత్తి చేతులతో

అదేం చోద్యమో, కట్టుకున్న మొగుడి వీపు ముట్టుకోవడానికి రబ్బరు తొడుగులు వేసుకోవాలట, ఈ కోరిన్ నవ్వుతూనే చెబుతుంది గానీ నవ్వుతూ చెప్పినంత మాత్రాన అది మంచి మాటైపోతుందా, పిల్ల మంచిదే, కాదనడానికి లేదు, మందులు కలిపే చదువు చదివి పట్నాలకి ఎగిరిపోకుండా ఈ వెస్ట్ వర్జీనియా కొండల మధ్య తను పుట్టిన వీధిలోనే షాపు పెట్టుకుంది, ఎవరి ఒంటికి తగ్గ మందు వాళ్ళకి విడిగా కలిపి ఇస్తుంది, దానికి దండం పెట్టొచ్చు, తొడుగుల దగ్గర మాత్రం డెల్ఫా దండం పెట్టదు, అలాగని ఎదురూ చెప్పదు, ఇచ్చిన డబ్బా ఇచ్చినట్టు తల ఊపి పుచ్చుకుని ఇంటికెళ్ళి వంటింటి సింకు కింద పడేస్తుంది, ఇప్పుడు అక్కడ ఆ డబ్బాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి, అంట్లు తోమే పీచు పెట్టుకోవడానికి చోటు లేదు, అయినా తనని పెంచిన మామ్మ ఏనాడైనా వేసుకుందా, ఛాతీ పట్టేస్తే కర్పూరమూ పంది కొవ్వూ కలిపి అరచేతుల మధ్య వెచ్చజేసి రుద్దేది, పొయ్యి వాసన వేసే గరుకు చేతులు, సగం నొప్పి మందుకి పోయేది, సగం చేతికి పోయేది, ఈ లోయలో పుట్టినవాళ్ళు సొంతవాళ్ళని మధ్యలో అడ్డం పెట్టుకుని ముట్టుకోరు, చంటిబిడ్డకి నీళ్ళు పోసినా, మంచం పట్టిన ముసలాళ్ళకి పక్క మార్చినా ఉత్తి చేతులే, తొడుగులు వేసుకున్న చేతులు తన ఇంటి మనిషిని ముట్టుకున్నది ఎప్పుడంటే, అంబులెన్సు వాళ్ళు బాత్రూమ్ గచ్చు మీద డెన్విల్‌ని వెల్లకిలా తిప్పినప్పుడు, ఆ తర్వాత శవాలకి బట్టలు తొడిగే లూథర్ గారు వాడి టై ముడి సర్దినప్పుడు, తను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది, ఆ రబ్బరు వేళ్ళు కన్నకొడుకు గడ్డం కిందికి దూరి మొహాన్ని కొంచెం పక్కకి తిప్పాయి, తొడుగులు ఎవర్ని ముట్టుకోవడానికో ఆవేళ తెలిసిపోయింది, ఇక కోరిన్ ఎన్ని చెబితే ఏం.

కోరిన్ ఇప్పుడు గాజు గోడ వెనకాల ఉంది, తలకి టోపీ, ముక్కుకి గుడ్డ, చేతులకి ఆ నీలం తొడుగులే, కల్వంలో ఏదో పొడి వేసి నూరుతోంది, అది బస్సు నడిపే రాయ్‌స్ మోకాలికట, అది అయ్యాక నీతో మాట్లాడాలి డెల్ఫా పిన్నీ, కూర్చో, అంది, మాట్లాడాలి అంటే గుండెలో రాయి పడదా, ఖాళీ డబ్బా చేతికిస్తే చాలు కొత్తది కట్టి ఇచ్చేది ఇదివరకు, ఇవాళ డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసింది, అడుగున మచ్చ కూడా లేకుండా ఊడ్చి ఉండటం చూసింది, ఆమాటకొస్తే మందు ఊడ్చి వాడుకోవడం తప్పా ఏంటి, బయట ట్రక్కులో హోబర్ట్ కూర్చుని ఉన్నాడు, ఈ షాపు మెట్లు ఎక్కడం ఆయన వల్ల కాదు, అద్దంలోంచి ఆయన టోపీ అంచు ఒక్కటే కనబడుతోంది, గని లోపల పైకప్పుకి ఇనుప బోల్టులు దిగేసే పని చేసేవాడు, పైనున్న రాతిపలక నిలవాలని ఆయన బోల్టు కొట్టేవాడు, ఒకనాడు ఆ పలకే ఆయన మీద కూర్చుంది, అప్పట్నుంచీ నడుములో మొదలై ఎడమ కాలి బొటనవేలి దాకా నిప్పు, నొప్పి అనకూడదట దాన్ని, నిప్పు అనాలట, ఆయనే అంటాడు, అప్పట్లో డాక్టర్లు మాత్రలు వేరుశెనక్కాయలు పంచినట్టు పంచారు, ఆ సీసా వంటింటి అలమారలో ఉప్పు డబ్బా పక్కన ఉండేది, దాచాలన్న ఆలోచన ఎవరికొచ్చింది, ఉప్పుని దాస్తామా, గని పనిలో డెన్విల్‌కి భుజం బెణికితే తనే, ఈ చేత్తోనే, నాన్న మాత్ర ఒకటి వేసుకో నాన్నా, నిద్ర పడుతుంది అని, ఆ మాట ఇక్కడ వద్దు, గోడ మీద గడియారం చూసుకో డెల్ఫా, కోరిన్ నూరుతోంది చూడు, ఎంత శ్రద్ధగా నూరుతోందో చూడు.

వాడు పోయాక ఇంట్లోకి మాత్ర రాకూడదని హోబర్ట్ బైబిలు మీద చెయ్యి వేశాడు, ఏ మాత్రా రాకూడదు, తలనొప్పి మాత్ర కూడా, ఒట్టు పెట్టడం తేలిక, ఆ తర్వాత ఆయన కోటు చెయ్యి నోట్లో కుక్కుకుని వసారాలో కూర్చోవడం తను చూడాల్సొచ్చింది, పక్కింటివాళ్ళకి వినబడకూడదని, మగాడి పరువు, ఆ పరువుకి తగలెయ్య, ఒక చలికాలం అంతా అలా కాలింది, అప్పుడు క్లినిక్కుకి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు, మింగే మందు వద్దంటే పూసే మందు ఉంది పెద్దాయనా, నీ నొప్పి కొలత చూసి నీకోసమే కలుపుతారు, కడుపులోకి పోదు, ఎక్కడ నిప్పుందో అక్కడే పడుతుంది, అన్నాడు, హోబర్ట్ నమ్మలేదు, నొప్పి లోపలుంటే పైన పూస్తే ఏమవుతుంది, ఇల్లు కాలుతుంటే దడికి నీళ్ళు పోసినట్టు, అన్నాడు, కానీ పట్టింది, తెల్లగా, పెరుగు మీగడంత చిక్కగా, ఏ వాసనా లేకుండా, చర్మాన్ని మొద్దుబార్చేదొకటి, నరాలని జోకొట్టేదొకటి, కండ పట్టు వదిలించేదొకటి, వీటన్నిటితో పాటు గుర్రాలకి మత్తిచ్చే మందు కాస్త, దాని మీద ఊరంతా నవ్వులే, హోబర్ట్ ఇక సకిలిస్తాడేమో చూసుకో డెల్ఫా, రాత్రికి గడ్డి వేస్తున్నావా లేదా, ఆయన చెల్లెలి మొగుడు ఆర్లిస్ అయితే చర్చి ముందే సకిలించి చూపించాడు, చాలా రోజులకి హోబర్ట్ కూడా నవ్వాడు ఆవేళ, బీన్సూ మొక్కజొన్న రొట్టే కడుపునిండా తిన్నాడు, కుర్చీలో నిటారుగా కూర్చుని తిన్నాడు, ఆ మందు లేకపోతే ఏమయ్యేవాళ్ళమో అని తను సింకు దగ్గర వెనక్కి తిరిగి ఏడ్చింది, అవన్నీ నిజం, మందు మంచిదనడంలో అబద్ధం లేదు.

తన వేళ్ళు ముందు పోయాయి, పోవడమంటే ఊడిపోలేదు, ఉన్నాయి, ఉన్నట్టు తెలీలేదు, బడి వంటింట్లో పని, పొద్దస్తమానం వేడినీళ్ళూ బ్లీచింగు పొడీ, అరచేతుల నిండా పగుళ్ళు, ఆ పగుళ్ళలోకి క్రీము దిగితే మొదట చల్లగా, తర్వాత ఏమీ లేనట్టు, ఒకపూట పొయ్యి మీద ఇనుప పెనాన్ని ఉత్తి చేత్తో ఎత్తేసింది, కమురు వాసన వస్తే మాంసం మాడుతోందనుకుంది, తన చెయ్యే, నొప్పి లేదు, భయం వేయాలి గదా, వేయలేదు, ఎంత హాయిగా ఉందో అనిపించింది, ఆ సాయంత్రం హోబర్ట్ ముందుగదిలో మంచం మీద బోర్లా పడుకుంటే ఆయన నడుము మీద చేతులు తిప్పుతోంది, తిప్పుతుంటే గోడ మెల్లిగా దూరం జరిగింది, గోడ దూరం జరగడమేంటి, జరిగింది, గది సాగినట్టయింది, గడియారం చప్పుడు నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు వచ్చింది, అప్పుడు వసారా మెట్ల మీద బూట్లు, కుడి కాలు కొంచెం ఈడ్చే నడక, ఆ నడక ఈ లోకంలో ఒక్కడికే ఉండేది, తను చెవి ఒగ్గింది, ఎవరూ లోపలికి రాలేదు, మర్నాడు గుమ్మం దగ్గర, అటు తిరిగి, గని కోటుతో, ఆ తర్వాత వంటింటి బల్ల దగ్గర, మంచం మీంచి తల ఎత్తితే తలుపులోంచి నేరుగా కనబడే కుర్చీలో, వీపు ఇటు పెట్టి, మెడ వెనక ఆ జుట్టు, తనే కత్తిరించేది ఆ జుట్టు, ఎప్పుడూ కుడివైపు ఒక కుచ్చు మిగిలిపోయేది, ఇప్పుడూ మిగిలే ఉంది, రక్తం గడ్డకట్టుకుపోవాలి ఇంకెవరికైనా, తల్లికి అలా అవ్వదు, తల్లికి ఆకలేస్తుంది, డెన్విల్ అంది, మెల్లిగా, హోబర్ట్ వినకుండా, వాడు కదల్లేదు, బల్ల మీద ఏదో పని చేసుకుంటున్నట్టు భుజాలు కదులుతున్నాయి, డెన్విల్, ఇటు చూడు, అంది, చూడలేదు, అలిగాడనుకుంది, అలిగే హక్కు వాడికి ఉంది, అప్పట్నుంచీ ఇంకొంచెం మందు, ఇంకొంచెం, వీపు నుంచి తన మణికట్టు దాకా, మణికట్టు నుంచి మోచేతుల దాకా, ఎంత ఎక్కువైతే వాడు అంత దగ్గరగా ఉంటున్నాడు, బల్లకీ మంచానికీ మధ్య నేల తగ్గిపోతోంది, మొన్న చెయ్యి చాపితే కాలరు అందేటంత దగ్గర, చొక్కా వాసన కూడా వచ్చింది, మొహం ఒక్కటి చూస్తే చాలు, ఆ రబ్బరు వేళ్ళు పక్కకి తిప్పేసిన మొహాన్ని తనవైపు తిప్పుకుంటే చాలు, ఇంకేమీ అడగదు, ఈ వారం తిరుగుతాడు, తప్పకుండా తిరుగుతాడు, అందుకే ఈ డబ్బా కావాలి, ఇవాళే కావాలి, ఖాళీ డబ్బాతో ఇంటికెళ్ళే ప్రశ్నే లేదు.

తొడుగులు ఊడదీస్తూ కోరిన్ బయటికొచ్చింది, వచ్చి ఎదురు కుర్చీ లాక్కుని మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది, మా అమ్మ స్నేహితురాలివని కాదు పిన్నీ, నా పని కాబట్టి అడుగుతున్నా, ఈ డబ్బా ఇంకా సగమైనా ఉండాలి, పోయినసారీ ముందే వచ్చావు, అంతకు ముందూ అంతే, మందు ఎటు పోతోంది, అంది, ఎటు పోతుంది, వీపుకే పోతోంది, ఆయనకి నొప్పి పెరిగిందమ్మా, చలి మొదలైంది గదా, కాలు కింద పెట్టలేకపోతున్నాడు, రెండుపూటలా సరిపోక మూడోపూట కూడా పూయాల్సొస్తోంది, తడుముకోకుండా, కళ్ళలోకి చూస్తూ, గొంతు చివర కాస్త వణుకు కలిపి మరీ చెప్పింది, చెబుతూనే విన్నది, ఈ గొంతు తనది కాదు, ఎక్కడో విన్నది, బాగా తెలిసిన గొంతు, పొయ్యి దగ్గర నిలబడి ఎవరో తనతో ఇలాగే చెప్పారు, ఎవరు, తట్టలేదు, కోరిన్ తన చేతులు పట్టుకుంది, వేళ్ళు విప్పి అరచెయ్యి చూసింది, మాడిన మచ్చ మీద బొటనవేలితో నొక్కింది, నొప్పిగా ఉందా అంది, ఎంత గట్టిగా నొక్కిందో తెలీక, ఉందమ్మా, అంది డెల్ఫా, తెలీకుండా చెప్పిన జవాబు ఎదుటివాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది, కోరిన్ ఆ చెయ్యి మెల్లిగా ఒళ్ళో పెట్టేసింది, హోబర్ట్ బాబాయిని ఒక మాట అడిగి వస్తా, అంది, తలుపు గంట మోగింది, మెట్లు దిగిపోయింది.

ఇంక అయిపోయింది, హోబర్ట్‌కి అబద్ధం చేతకాదు, పేకాటలో కూడా ముక్క చూసి మొహం మార్చేసే మనిషి, బాగానే ఉన్నానమ్మా, నొప్పి తగ్గిందమ్మా అంటాడు, వెంటనే డాక్టరుకి ఫోను, డబ్బా కట్, కుర్చీ ఖాళీ, వాడు మళ్ళీ గుమ్మం దాకా, గుమ్మం నుంచి మెట్ల దాకా, మెట్ల నుంచి ఆ మట్టిలోకి, రెండోసారి ఎవరు పంపిస్తారు కన్నకొడుకుని, అద్దంలోంచి చూస్తే ట్రక్కు కిటికీ దగ్గర కోరిన్ వంగి ఉంది, నోళ్ళు కదులుతున్నాయి, మాట వినబడటం లేదు, హోబర్ట్ టోపీ ఒకసారి కిందికి, ఒకసారి పైకి, అది అవుననడమా, ఎండ కళ్ళలో పడి సర్దుకోవడమా, ఇంత చలిలో చెమటేంటి తనకి, బయల్దేరేముందు డబ్బా అడుగు ఊడ్చి మోచేతులకి పూసుకుంది గదా, అది ఇప్పుడు పట్టినట్టుంది, షాపులో లైట్లు కొంచెం దూరం జరిగాయి, సీసాల అరలు సాగాయి, అప్పుడు చూసింది, ముందు వరసలో కుర్చీలు ఇందాక ఖాళీగా ఉన్నాయి, అది నిజమే, తను ఒక్కతే ఉంది ఇందాక, ఇప్పుడు ముందు కుర్చీలో ఎవరో కూర్చున్నారు, అటు తిరిగి, కోటు మీద బొగ్గు పొడి, కుడివైపు మిగిలిపోయిన జుట్టు కుచ్చు, ఇంటి బయట కనబడటం ఇదే మొదలు, ఇంతవరకూ ఇంటివాడే, ఇప్పుడు ఊళ్ళోకి కూడా వచ్చాడు, చెయ్యి ముందుకే పోయింది, ఒక్క జానెడు, కాలరు మీద కుట్టు ఊడిన దారం కనబడుతోంది, దారం కూడా కనబడుతుంటే అబద్ధమెలా అవుతుంది, డెన్విల్, పదరా ఇంటికెళదాం, అంది, పైకే అంది, గంట మోగింది, తలుపు దగ్గర కోరిన్ నిలబడి ఉంది, ఎవరితో పిన్నీ, అంది, ముందు కుర్చీ ఖాళీ.

కోరిన్ గాజు వెనక్కి పోయి కలపడం మొదలుపెట్టింది, అంటే హోబర్ట్ అవునన్నాడన్నమాట, ఎందుకన్నాడో, పొడులు తూచింది, నూరింది, తెల్ల ముద్దలో కలిపింది, మూడు రోలర్ల మరలోంచి తీసింది, ముద్ద పల్చటి రేకులా జారి పడుతోంది, చూస్తుంటే నోట్లో నీళ్ళూరాయి, తినే వస్తువు కాదు గదా, నోట్లో నీళ్ళెందుకూరాలి, డబ్బా మూత బిగించి, దానితో పాటు తొడుగుల డబ్బా కూడా పెట్టి, రెండూ చేతికివ్వకుండా తన దగ్గరే పట్టుకుని కోరిన్ చెప్పింది, బాబాయి మాట మీద ఇస్తున్నా, మళ్ళీ డాక్టరు చూడందే ఇవ్వను, ఇది నీ చర్మానికి కలిపింది కాదు పిన్నీ, ఆయన బరువుకి, ఆయన నరాలకి కొలిచి కలిపింది, నీ చేతుల్లోంచి లోపలికి పోతే అది నొప్పి దగ్గర ఆగదు, ఆగడానికి నీకక్కడ నొప్పి లేదు గదా, ఎక్కడికో పోతుంది, కింది లోయలో ఒకావిడ తల్లికి ఇలాగే పూసి పూసి, పొయ్యి వెలిగించి ముందు కూర్చుని, గౌను అంచు అంటుకున్నా లేవలేదు, కళ్ళు తెరిచే ఉన్నాయట, అంది, నీకక్కడ నొప్పి లేదు గదా అన్నమాట దగ్గర డెల్ఫాకి నవ్వొచ్చింది, చదువుకున్న పిల్ల, ఏ నొప్పికి ఎంత కలపాలో తెలుసు, నొప్పి ఎక్కడెక్కడ ఉంటుందో పాపం తెలీదు, అలాగేనమ్మా అంది, సంచిలో వేసుకుంది, మెట్లు దిగింది.

ట్రక్కు తనే నడుపుతుంది ఇప్పుడు, హోబర్ట్ కాలు క్లచ్చు తొక్కలేదు, వాగు పక్కన రోడ్డు, ఆకులన్నీ రాలి కొండల ఎముకలు బయటపడి ఉన్నాయి, ఒళ్ళో సంచి, సంచిలో డబ్బా, ఎంత తొందరగా ఇల్లు చేరతామా అని తొక్కుతోంది, హోబర్ట్ కిటికీలోంచి బయటికి చూస్తూ, నొప్పి పెరిగిందా అని అడిగింది ఆ పిల్ల, పెరిగిందన్నాను, అన్నాడు, నాకోసం అబద్ధమాడావా అంది డెల్ఫా, ఆయన తల అడ్డంగా ఊపాడు, అబద్ధమెందుకవుతుంది డెల్ఫీ, పెరిగిందే, నా వీపుకి మందు తగిలి ఎన్నాళ్ళయింది, నీ చేతులు తిరుగుతాయి, మందు మోచేతులకి పోతుంది, అన్నాడు, దెప్పినట్టు లేదు, వాన పడుతోందని చెప్పినట్టు చెప్పాడు, చూస్తూనే ఉన్నాడా, బోర్లా పడుకున్న మనిషికి ఏం కనబడుతుందనుకుంది తను, ఇన్నాళ్ళూ నిప్పు మీద పడుకుని, కోటు చెయ్యి కూడా కొరకకుండా, మరి చెప్పలేదేం అంది చివరికి, వాడితో మాట్లాడుతుంటావు గదా, మధ్యలో నేనెందుకని, అన్నాడు, నీకూ కనబడతాడా, ఆశగా అడిగింది, అంత ఆశ తన గొంతులో తనకే సిగ్గనిపించింది, నాకెవరూ కనబడరు, నాకు వినబడేది నువ్వొక్కదానివే, అన్నాడు హోబర్ట్, మలుపు తిరిగాక మళ్ళీ ఆయనే, నిన్న ఆర్లిస్ జేబులోంచి ఒక మాత్ర తీసి చూపించాడు, ఇదొక్కటే బావా, ఎవరికి తెలుస్తుంది అన్నాడు, వద్దన్నాను, కానీ డెల్ఫీ, ముందు చెయ్యి చాపాను, చాపాకే వద్దన్నాను, అన్నాడు, ఆ చెయ్యి ఒళ్ళో తిరగేసి పెట్టుకుని చూసుకుంటున్నాడు, గనిలో నలిగి గోళ్ళు నల్లబడ్డ చెయ్యి, రేపు ఏ వరసలో చేస్తానో నాకే తెలీదు, అన్నాడు.

స్టీరింగు మీద తన వేళ్ళు ఉన్నాయో లేవో తెలీలేదు, అప్పుడు తట్టింది ఆ గొంతు, షాపులో తన నోట్లోంచి వచ్చిన గొంతు, పొయ్యి దగ్గర నిలబడి, అమ్మా, నాన్నకి ఈ వారం నొప్పి ఎక్కువగా ఉన్నట్టుంది, అందుకే సీసా తొందరగా అయిపోతోంది, నువ్వే డాక్టరుకి చెప్పు, అని డెన్విల్ చెప్పిన గొంతు, తడుముకోకుండా, కళ్ళలోకి చూస్తూ, చివర కాస్త వణుకు కలిపి, తను నమ్మింది ఆ రోజు, డాక్టరుకి ఫోను కూడా చేసింది, తండ్రి నొప్పి పేరు చెప్పుకుని మందు పుచ్చుకెళ్ళినవాడు వాడొక్కడే అనుకుంది, ఎలా చేశాడమ్మా ఆ పని, కన్నతండ్రి నిప్పులో ఉంటే, అని వాడు పోయాక కూడా తిట్టుకుంది, ఎలా చేశాడో ఇప్పుడు తెలుసు, ఏమీ అనిపించదు చేస్తున్నప్పుడు, చాలా తేలిగ్గా ఉంటుంది, ఎదుటి మనిషి వీపు ఒట్టి దారైపోతుంది, తను వెళ్ళాల్సిన చోటికి దారి, ఇల్లొచ్చింది, బ్రేకు తొక్కడం మర్చిపోయి వసారా స్తంభం దాకా పోనిచ్చి ఆపింది, హోబర్ట్ కిందికి దిగడానికి తలుపు పట్టుకుని నిలబడి ఊపిరి కూడగట్టుకుంటుంటే వెళ్ళి చంక కింద చెయ్యి వేసింది, ఆయన బరువంతా మీద పడింది, ఎంత తగ్గిపోయాడో అప్పుడు తెలిసింది.

ఈ లోయలో పొద్దు తొందరగా కొండ వెనక్కి పోతుంది, ముందుగదిలో ఇంకా వెలుతురుంది, బూడిద రంగు వెలుతురు, హోబర్ట్ బోర్లా పడుకుని చొక్కా పైకి లాక్కున్నాడు, డెల్ఫా మూత తీసింది, తెల్లగా, మీగడలా, మళ్ళీ నోట్లో నీళ్ళు, ఒక్కసారి, ఇవాళ ఒక్కసారి, షాపులో జానెడు దూరంలో ఉన్నాడు, ఇవాళ పూస్తే తిరుగుతాడు, మొహం చూసి ఇక మానేస్తుంది, రేపట్నుంచి మానేస్తుంది, రేపట్నుంచి అన్నమాట ఈ ఇంటి గోడలు ఎన్నిసార్లు విన్నాయో, తొడుగుల డబ్బా చింపింది, నీలం రబ్బరు పగుళ్ళకి తట్టుకుని ఎక్కనంది, మొరాయించింది, లాగింది, చేతులు తనవి కానట్టయ్యాయి, లూథర్ గారి చేతులు, ఆ చేతులతో మొగుణ్ణి ముట్టుకోవాలంటే మనసొప్పలేదు, కళ్ళు మూసుకుని నడుము మీద పెట్టింది, పెట్టగానే హోబర్ట్ ఉలిక్కిపడ్డాడు, చల్లగా ఉందే నీ చెయ్యి, అన్నాడు, రుద్దింది, బయల్దేరేముందు పూసుకున్నది దిగిపోతోందేమో, రబ్బరు కింద వెచ్చదనం తెలుస్తోంది, ఎన్నాళ్ళ తర్వాతో ఆయన ఒళ్ళు వెచ్చగా తెలుస్తోంది, కండ బిగుసుకుని, వణికి, ఒక్కొక్క ముడి విప్పుకుంటూ మెత్తబడుతోంది, నడుములోంచి ఎడమ తొడ దాకా నిప్పు ఎక్కడెక్కడ ఉందో వేళ్ళకి దొరుకుతోంది, ఆయన గొంతులోంచి మూలుగు కాని చప్పుడొకటి వచ్చింది, పాపం, ఎంత దాహంగా ఉందో ఆ వీపు, శవాలు ఇలా కదలవు గదా, ఇలా వెచ్చగా ఉండవు గదా, అప్పుడు వంటింట్లో కుర్చీ కిర్రుమంది, చేతులు ఆగిపోయాయి, ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఆ కుర్చీ చప్పుడు చేయలేదు, కూర్చున్నవాడు అటునుంచి ఇటు తిరిగే చప్పుడు, నేల మీద బూటు మడమ మెల్లిగా జరిగింది, నుదుటి మీద, పాపిట మీద, ఎవరో చూస్తున్నట్టు, చూస్తున్నట్టు కాదు, చూస్తున్నారు, తల ఎత్తితే చాలు, తలుపులోంచి నేరుగా, వాడి మొహం, ఇన్నాళ్ళూ దేనికోసమైతే మొగుడి వీపుని ఎండగట్టిందో ఆ మొహం, ఒక్క క్షణం, ప్రాణమంతా తలని పైకి లాగుతోంది, డెల్ఫా నీలం చేతుల మీంచి చూపు తీయలేదు, ఎందుకు ఇప్పుడు, ఏమీ పూసుకోని పూట, పిలవని పూట ఎందుకు తిరిగాడు, ఇన్నాళ్ళూ రోజురోజుకీ దగ్గరకొస్తున్నాడనే అనుకుంది, గుమ్మం నుంచి బల్ల దాకా, బల్ల నుంచి జానెడు దాకా, వచ్చేవాడి మొహం గదా ముందు కనబడాలి, ఎప్పుడూ వీపే కనబడిందేం, వీపు కనబడేది ఎవరికి, వెనకాల నడిచేవాళ్ళకి, వాడు రావడం లేదు, ఏనాడూ రాలేదు, వాడు తన దారిన పోతూనే ఉన్నాడు, తనే ఒక్కో అడుగూ వాడి వెనక వెళుతోంది, ఇవాళ ఆగింది, ఆగింది కాబట్టే వాడు వెనక్కి తిరిగాడు, అమ్మ ఎందుకు రావడం లేదా అని చూస్తున్నాడు.